సినిమా గాంధీ, సనాతని గాంధీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గాంధీ జయంతి సంచికలో రిచర్డ్ అటెన్‌బరో తీసిన ‘గాంధీ’ చిత్రం గురించి నాలుగు మాటలు రాసినందుకు విశాఖపట్నం పాఠకుల నుంచి ఎన్నడూ లేనన్ని ఉత్తరాలు వచ్చాయి. సినిమా బాగుందా లేదా అన్నది ఎవరూ అడగలేదు. గాంధీ ఎలాంటి హిందువన్నదే దాదాపు అందరూ అడిగారు. అందువల్ల ఈసారి శీర్షికను ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలను కుదించి ఇస్తున్నాను. కొందరు కోరినందువల్ల ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: అక్టోబరు 2న మా అపార్టుమెంటు సెల్లారులో తెర కట్టి ఈ సినిమా వేశారు. జిన్నాను కలుసుకోవడానికి బయలుదేరిన గాంధీని హిందూ యువకులు అడ్డగించినప్పుడు, తాను ముస్లింననీ, హిందువుననీ, క్రైస్తవుడిననీ, యూదుడిననీ ఆయన అంటాడు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి అది విని, “అన్నీ అయినవాడు ఏదీ కానట్టే కదమ్మా” అన్నాడు. వాడికి ఏమని చెప్పను? (ఒక గృహిణి, పెదవాల్తేరు)

జవాబు: ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకుంటే ఎవరికైనా మీ అబ్బాయికి తోచినట్టే తోస్తుంది. అయితే వాడికి జవాబు చెప్పడానికి పుస్తకాల దాకా వెళ్లనక్కరలేదు, అదే సినిమాలో ఇంకాస్త ముందుకు వెళితే చాలు. 1947లో కలకత్తాలో గాంధీ నిరాహార దీక్షలో ఉండగా ఓంపురి వేసిన పాత్ర వచ్చి రొట్టె విసిరి, తన కొడుకును చంపారన్న కసితో తానొక ముస్లిం బిడ్డను చంపానని చెప్పి విలపిస్తాడు. తల్లీతండ్రీ లేని ఒక ముస్లిం పిల్లవాణ్ణి తెచ్చి పెంచుకోమనీ, అయితే వాణ్ణి ముస్లింగానే పెంచమనీ గాంధీ అతనికి చెబుతాడు. మతాలన్నీ కలిసిపోయి ఒకటే ముద్ద అని గాంధీ అనుకుని ఉంటే ఆ రెండో షరతు ఎందుకు పెడతాడో మీ అబ్బాయిని అడిగి చూడండి. ఆ పాత్ర సినిమా కోసం మలచినదే గాని, ఆ షరతులో ఉన్న గాంధీ మాత్రం అసలైన గాంధీయే.

తన మతం గురించి ఆయన దాపరికం లేకుండా రాసుకున్న వ్యాసం 1921 అక్టోబరు 6వ తేదీ ‘యంగ్ ఇండియా’లో వచ్చింది. అందులో ఆయన తనను సనాతన హిందువునని చెప్పుకున్నారు. వేదాలను, ఉపనిషత్తులను, పురాణాలను నమ్ముతాననీ, అవతారాలనూ పునర్జన్మనూ నమ్ముతాననీ, వర్ణాశ్రమ ధర్మాన్ని వైదికమైన అర్థంలో నమ్ముతాననీ, గోరక్షణను లోకం అనుకునే దానికంటే విశాలమైన అర్థంలో నమ్ముతాననీ, విగ్రహారాధన పట్ల తనకు అవిశ్వాసం లేదనీ వరసగా రాశారు. ఏ మతమూ లేనివాడు రాసే జాబితా కాదిది. ఇందులో వర్ణాశ్రమం సంగతి ఇబ్బందికరమైనది, దాని దగ్గరికి మరో ఉత్తరంలో వస్తాను.

ఆ నిలకడ పుట్టుకతో వచ్చింది కూడా కాదు. 1893లో ప్రిటోరియా చేరిన తరవాత అక్కడి క్రైస్తవ మిత్రులు ఆయనను తమ మతంలోకి తీసుకురావాలని గట్టిగా ప్రయత్నించారు. మనసు ఊగిసలాడుతున్న ఆ సమయంలో ఆయన బొంబాయిలోని రాయచంద్‌భాయికి ఉత్తరం రాశారు. రాయచంద్‌భాయి జైనుడు, రత్నాల వర్తకుడు, గాంధీకంటే రెండేళ్లు మాత్రమే పెద్ద. ఆత్మ అంటే ఏమిటి, ఈశ్వరుడు ఎవరు, మోక్షం ఏమిటి అంటూ ఇరవైకి పైగా ప్రశ్నలు ఆ ఉత్తరంలో ఉన్నాయి. పాము కరవబోతుంటే కరవనివ్వాలా చంపాలా అని కూడా అడిగారు. (ఇలాంటి శీర్షిక నడిపేవాడికి ఆ ఉత్తరం మీద అసూయ కలగడం సహజం.) ఒక హిందువు తన హిందూమతం మీది సందేహాలను ఒక జైనుడికి రాసి, అతని జవాబులతో హిందువుగానే నిలబడడం గమనించదగ్గ సంగతి. సినిమాలో రాయచంద్‌భాయి లేడు. తన ఊరి గుడిలో పూజారి గీతనూ ఖురాన్‌నూ చదివేవాడని గాంధీ చెప్పే మాట మాత్రం ఉంది. తల్లి పుత్లీబాయి పుట్టింటివారిది హిందూ, ముస్లిం గ్రంథాలు రెంటినీ ఆదరించే ప్రణామీ సంప్రదాయం కాబట్టి ఆ మాటకు ఆధారం ఉంది.

తన ఇంటి పునాది గట్టిదని నమ్మినవాడే పొరుగింటి తలుపును భయం లేకుండా తట్టగలడని మీ అబ్బాయికి చెప్పండి. యువకులతో అన్న ఆ మాటకు సినిమా ఇవ్వని ముందుమాట అదే.

ప్రశ్న: గాంధీ వేషం వేసినది తెల్లవాడేనా? కస్తూర్బా ఎవరు? (ఇంటర్ విద్యార్థి, అక్కయ్యపాలెం)

జవాబు: బెన్ కింగ్‌స్లీ అసలు పేరు కృష్ణ భాంజీ, తండ్రి గుజరాతీ మూలాలున్న వైద్యుడు, తల్లి ఆంగ్లేయురాలు. కస్తూర్బాగా రోహిణీ హట్టంగడి నటించారు. ఆమె తరవాత అక్కినేని నాగేశ్వరరావు సరసన బామ్మగా నటించి మన తెలుగింటి మనిషే అయిపోయారు. దుస్తుల రూపకల్పనకు భాను అథయ్యా అందుకున్న ఆస్కార్, ఒక భారతీయురాలికి వచ్చిన మొదటి ఆస్కార్. చిత్రానికి మొత్తం ఎనిమిది వచ్చాయి.

ప్రశ్న: నేను రైల్వేలో పనిచేసి విరమించినవాడిని. ఒకప్పుడు మన స్టేషన్ పేరు వాల్తేరే. గాంధీగారు ఈ స్టేషన్‌లో ఉండగా ఎవరినో పోలీసులు పట్టుకుపోయారని మా పెద్దలు చెప్పుకునేవారు. సినిమాలో ఆ సంగతి లేదు. అది నిజమేనా? నిజమైతే దానికీ మీరు రాసే మతం సంగతికీ ఏమైనా సంబంధం ఉందా? (సీతమ్మధార)

జవాబు: నిజమే, సంబంధమూ ఉంది. నాకు వచ్చిన ఉత్తరాలన్నింటిలోనూ నాకు ఎక్కువ సంతోషం కలిగించినది ఇదే.

1921 సెప్టెంబరు 14న గాంధీ, ఖిలాఫత్ ఉద్యమ నాయకుడు మౌలానా మహమ్మదలీ కలిసి కలకత్తా వైపు నుంచి మద్రాసు వెళుతూ ఉండగా వాల్తేరులో మౌలానాను అరెస్టు చేశారు. సైన్యంలో ముస్లింలు పనిచేయరాదంటూ ఆ జూలైలో కరాచీ ఖిలాఫత్ మహాసభ చేసిన తీర్మానం దానికి కారణం. కరాచీలో విచారణ జరిగి ఆయనకు రెండేళ్ల జైలుశిక్ష పడింది. ఆయన భార్య కూడా ఆ ప్రయాణంలో ఉన్నారు. భర్తను తీసుకుపోయినా ఆమె చలించకుండా గాంధీతో పాటు ప్రయాణం సాగించారు. ఆ ధైర్యాన్ని గాంధీ తరవాత మెచ్చుకుంటూ రాశారు.

ఇప్పుడు సినిమా సంగతి. దేశమంతా తిరుగుతున్న రోజుల్లో ఒక నది ఒడ్డున చిరుగు బట్టతో నిలబడ్డ పేదరాలిని గాంధీ చూసి, తన వస్త్రాన్ని నీటి మీద ఆమె వైపు వదిలిపెట్టే దృశ్యం మీకు గుర్తుండే ఉంటుంది. చూడడానికి చాలా అందంగా ఉంటుంది. మాట ఒక్కటీ లేకుండా ఆయన కొల్లాయి కట్టడానికి కారణం ఇదీ అని ప్రేక్షకుడికి అర్థమయ్యేలా చేస్తుంది. అసలు చరిత్రలో ఆ నిర్ణయం అంత సాఫీగా జరగలేదు. అది మూడు విడతలుగా నలిగింది. మొదట బెంగాల్ వైపు పర్యటనలో ఆ ఆలోచన వచ్చింది. రెండోసారి వచ్చింది మౌలానా అరెస్టు అయినప్పుడే: తన కళ్లముందే మౌలానాను తీసుకుపోయిన తరవాత సభలో మాట్లాడడానికి వెళుతూ, టోపీనీ చొక్కానూ అక్కడికక్కడే తీసి పారేద్దామనుకున్నాననీ, అది హడావిడిగా కనిపిస్తుందేమోనన్న సంకోచంతో ఆగాననీ ఆయనే రాశారు. మూడోసారి మద్రాసు పర్యటనలో, ఖద్దరు కొనడానికి తమకు స్తోమత లేదని రైలులో జనం అనగా, నిండుగా బట్ట కట్టుకుని వాళ్లకు తాను చెప్పగలిగిందేమీ లేదని గ్రహించి, సెప్టెంబరు 22న మదురైలో కొల్లాయి గుడ్డకు మారారు. అంటే లోకానికంతా తెలిసిన ఆ రూపం మన వాల్తేరులోనే తయారు కావలసింది, ఎనిమిది రోజులు వాయిదా పడింది.

ఇక మతంతో సంబంధం. సినిమాలో కొల్లాయి కరుణకు గుర్తు. గాంధీ రాసిన ప్రకటనలో అది దుఃఖానికి కూడా గుర్తు. తలమీద ఏమీ లేకుండా, ఒంటిమీద చొక్కా లేకుండా ఉండడం మా వైపు మైల పాటించేవారి ఆనవాలు అని ఆయన స్పష్టంగానే చెప్పారు. పదోరోజు దాకా చొక్కా వేసుకోని కర్తలను చూసిన మన తెలుగువాళ్లకు ఈ సంగతి వేరే విప్పి చెప్పనక్కరలేదు. ఒక మౌలానా అరెస్టు అయినప్పుడు హిందూ ఆచారంలోని మైల గుర్తును ఒంటిమీద వేసుకోవాలని ఆయనకు తోచింది. సుమారు మూడు వారాలకు, అంటే 1921 అక్టోబరు 6న, పైన చెప్పిన “నేను సనాతన హిందువును” అన్న వ్యాసం అచ్చయింది. ఈ మూడు వారాలను ఒకచోట పెట్టి చూడకపోతే ఆయన హైందవం అర్థం కాదని నా అభిప్రాయం. నది ఒడ్డున పేదరాలి దృశ్యం చూసి కన్నీళ్లు పెట్టుకున్నవారిలో నేనూ ఒకడిని. అయినా దర్శకుడికి వాల్తేరు తెలిసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ప్రశ్న: మీ పత్రిక కూడా మిగతావారిలాగే గాంధీని పొగిడింది. సనాతని అని తనకు తానే చెప్పుకున్నవాడు, వర్ణాశ్రమాన్ని సమర్థించినవాడు అంటరానితనాన్ని ఎలా పోగొడతాడు? మూడు గంటలకు పైగా సాగే సినిమాలో అంబేడ్కర్ ఒక్క క్షణమైనా కనిపించకపోవడం యాదృచ్ఛికమా? (ఒక ఉపాధ్యాయుడు, గాజువాక)

జవాబు: యాదృచ్ఛికమో కాదో తెరవెనక మనసుల్లోకి వెళ్లి చెప్పలేను కాని, క్షమించదగ్గ లోపం మాత్రం కాదు. ఏ మనిషి జీవితాన్నయినా ఒక్క కథనంలో చెప్పడం కుదరదని చిత్రం మొదట్లోనే ఒక మాట వేసుకున్నారు. సుభాష్‌బోసు లేకపోవడానికి ఆ మాట సరిపోతుందేమో. అంబేడ్కర్ విషయంలో సరిపోదు, ఎందుకంటే ఆయనను తీసివేస్తే గాంధీ హైందవంలో అన్నిటికంటే కష్టమైన భాగం కూడా ఆయనతో పాటే తెగిపోతుంది. చిత్రం 1931 నాటి లండన్ రౌండ్ టేబుల్ సమావేశం దాకా వచ్చి అక్కడి నుంచి యుద్ధకాలానికి దూకుతుంది. ఆ దూకుడు కింద పడిపోయిన ఏళ్లు ఏవో చూడండి.

1932 సెప్టెంబరు 20న గాంధీ ఎరవాడ జైలులో అణగారిన వర్గాల ప్రత్యేక నియోజకవర్గాలకు (ఆ వర్గాలవారే విడిగా ఓటు వేసి తమ ప్రతినిధులను ఎన్నుకునే పద్ధతికి) వ్యతిరేకంగా ఆమరణ దీక్ష మొదలుపెట్టారు. 24న పూనా ఒప్పందం కుదిరింది. ప్రత్యేక నియోజకవర్గాలకు బదులు రాష్ట్ర శాసనసభల్లో 148 స్థానాలు కేటాయించారు, అందులో మన జిల్లా అప్పుడు భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రానికి 30. అంబేడ్కర్ దృష్టిలో ఆ దీక్ష ఒక ఒత్తిడి. ఒక మహాత్ముడి ప్రాణం తన చేతిలో పెట్టి, తన ప్రజల హక్కును వదులుకోమనడం. ఆ మాటను తోసిపుచ్చడం నాకు సాధ్యం కాదు. మీరు లేవనెత్తిన వర్ణాశ్రమం విషయంలోనూ 1921 నాటి గాంధీని నేను సమర్థించను. కులాంతర భోజనాలూ వివాహాలూ మతానికి అవసరమని ఆయన అప్పుడు ఒప్పుకోలేదు. 1934 జనవరి 15న బీహారులో భూకంపం వచ్చినప్పుడు అది అంటరానితనమనే పాపానికి శిక్ష అని అన్నారు. రవీంద్రనాథ ఠాకూరు ఆ తర్కాన్ని బహిరంగంగా ఖండించారు. ఠాకూరుదే సరైన మాట.

అయితే ‘పోగొట్టగలడా’ అన్న మీ ప్రశ్నకు మరో పక్క కూడా ఉంది. 1933 నవంబరులో వార్ధా నుంచి బయలుదేరి దాదాపు తొమ్మిది నెలలు, సుమారు 12,500 మైళ్లు, ఆయన హరిజన యాత్ర చేశారు. ఆ డిసెంబరులోనే మన ఆంధ్ర జిల్లాల్లోనూ తిరిగారు. అంతకుముందు యాత్రలు ఆంగ్లేయుల మీద, ఈ యాత్ర తన మతస్థుల మీద. దారిలో నల్లజెండాలు పట్టినవారు సనాతనులమని చెప్పుకున్న హిందువులే. 1934 జూన్ 25న పూనాలో ఆయన ఉన్నదనుకున్న కారు మీద బాంబు పడింది. సనాతని అన్న బిరుదు ఆయన ఎందుకు వదలలేదో ఇక్కడే తెలుస్తుంది. ఇంట్లో ఉండి పోట్లాడేవాడిని బయటకు నెట్టడం కష్టం. అది వ్యూహమా విశ్వాసమా అంటే రెండూ అని నా ఉద్దేశం.

సినిమాలో కస్తూర్బాతో పాయఖానా శుభ్రం చేసే విషయమై జరిగే గొడవ ఒకటుంది, చాలామంది మరిచిపోలేని ఘట్టం. ఆత్మకథ ప్రకారం అది 1898లో డర్బన్ ఇంట్లో జరిగింది. సినిమాలో దాన్ని ఆశ్రమానికి మార్చారు. మార్చడంలో పోయినది ఏమిటంటే, ఆ ఇంట్లో ఉన్న గుమాస్తా పంచమ కులంలో పుట్టిన క్రైస్తవుడు; అతని మలమూత్రాల కుండను ఎత్తవలసి రావడమే కస్తూర్బాకు కష్టమైంది. కులం ప్రశ్న భార్యాభర్తల కలహంగా పలచబడింది.

దానికి కొనసాగింపు నలభై ఏళ్ల తరవాత మన పక్కనే పూరీలో జరిగింది. 1938 మార్చిలో ఒడిశాలోని దేలాంగ్‌లో గాంధీ సేవా సంఘం సమావేశం జరుగుతుండగా కస్తూర్బా, గాంధీ కార్యదర్శి మహాదేవ్ దేశాయి భార్య దుర్గాబెన్ మొదలైనవారు పూరీ వెళ్లి జగన్నాథుణ్ణి దర్శించుకున్నారు. ఆ గుడిలోకి హరిజనులకు ప్రవేశం లేదు. తెలిసిన తరవాత గాంధీ తీవ్రంగా బాధపడ్డారు, ఆయన రక్తపోటు పెరిగింది. తప్పు వారిది కాదు, వారికి నచ్చజెప్పలేకపోయిన తనదీ మహాదేవ్‌దీ అన్నారు. మహాదేవ్ తన పదవి వదులుకుంటానన్నారు. విశాఖ నుంచి ఒక రాత్రి ప్రయాణం చేసి జగన్నాథుణ్ణి చూసి వచ్చే మనకు కస్తూర్బా మనసు అర్థం కానిది కాదు: డెబ్భై ఏళ్లకు చేరువైన ఒక వైష్ణవ గృహిణి అంతదూరం వెళ్లి స్వామిని చూడకుండా ఎలా వస్తుంది? గాంధీ మనసూ అర్థం కానిది కాదు. నేను దర్శకుణ్ణయితే ఈ దృశ్యాన్ని ఏ దండి ఘట్టం కోసమూ వదులుకునేవాడిని కాదు. హరిజనులకు తలుపులు తెరిచిన తరవాత, 1946లో మదురై మీనాక్షి గుడికి గాంధీ స్వయంగా వెళ్లారు.

వర్ణం విషయంలో ఆయన చివరికి చేరుకున్న చోటు కూడా చెప్పాలి. హరిజనులకూ సవర్ణులకూ మధ్య జరిగే వివాహాలకు మాత్రమే ఆశీస్సులు ఇస్తాననే దాకా 1940లలో వచ్చారు. తన మాటల్లో పొంతన కుదరకపోతే తరవాత చెప్పినదాన్నే తీసుకోమని 1933లోనే ఆయన పాఠకులకు రాసిపెట్టారు. ఆలస్యంగా వచ్చారన్న మీ నింద అప్పటికీ నిలుస్తుంది.

ప్రశ్న: మాది సింహాచలం కొండ కింది ఊరు. స్వామి ఏడాదికి ఒక్క రోజే, అక్షయ తృతీయ నాడు నిజరూపంలో కనిపిస్తాడు. మీరు చెప్పే సినిమా గాంధీ కూడా చందనం పూసిన గాంధీయేనా? చివరిలో ఆయన నోట ‘హే రామ్’ వినిపించలేదేమి? (అడవివరం)

జవాబు: పోలిక బాగుంది కాని ఒక సవరణ. మన స్వామికి చందనం దాచడానికి పూసినది కాదు, ఉగ్రమూర్తిని చల్లబరచడానికి. ఆ అర్థంలో తీసుకుంటే మీ మాట నిజం, సినిమా గాంధీని చల్లబరిచింది. ఆయనను దేవుణ్ణి చేయవద్దని నెహ్రూ అటెన్‌బరోకు ముందే చెప్పారట.

ఆంగ్ల చిత్రంలో చివరి మాట ‘ఓ గాడ్’. విదేశీ ప్రేక్షకుడికి సులువుగా ఉండాలని అలా పెట్టి ఉంటారు. ఆ క్షణాన ఆయన ఏమన్నారన్న దాని మీద ప్రత్యక్షసాక్షుల మాటలు ఏకీభవించవు. పక్కనే ఉన్న మనూ గాంధీ మాత్రం రామనామమే విన్నానని రాశారు, రాజ్‌ఘాట్ శిల మీద అదే చెక్కి ఉంది. ఆ నామం ఆయనకు చిన్నప్పుడు రంభ అనే దాది నేర్పినది, దయ్యాల భయం పోవడానికి. పెద్దయ్యాక తన రాముడు దశరథ కుమారుడు మాత్రమే కాదనీ, పుట్టుక లేనివాడనీ చెప్పారు. అలసి అరుగు మీద కూలబడుతూ ‘రామా’ అనుకునే మన పెద్దలు ఏ రాముణ్ణి తలుచుకుంటారో వేరుచేసి చెప్పడం ఎంత కష్టమో ఇదీ అంతే. ‘గాడ్’ అన్న మాటలోకి ఆ దాదీ రాదు, ఆ అరుగూ రాదు.

ప్రశ్న: నాకు దేవుడి మీద నమ్మకం లేదు. రామనామం, భజనలు, ఉపవాసాలు తీసేస్తే గాంధీలో నాలాంటివాడికి మిగిలేదేమిటి? (మద్దిలపాలెం)

జవాబు: ఈ ప్రశ్నను మీకంటే ముందు ఒక తెలుగువాడు నేరుగా గాంధీనే అడిగాడు. గోరాగా మనమంతా ఎరిగిన గోపరాజు రామచంద్రరావు నాస్తికుడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, అంటరానితనంపై పోరాడుతూ గాంధీ ఆశ్రమమైన సేవాగ్రామం వెళ్లి, దేవుడు లేడన్న తన వాదాన్ని గాంధీ ఎదుటే వినిపించారు. గాంధీ ఆయనను తన ఆస్తికత్వంలోకి లాగాలని చూడలేదు. 1931 నాటికే గాంధీ ‘దేవుడే సత్యం’ అన్న తన పాత వాక్యాన్ని తిప్పి ‘సత్యమే దేవుడు’ అని మార్చుకున్నారు. దేవుణ్ణి కాదనేవారు ఉన్నారు గాని సత్యాన్ని కాదనేవారు ఎవరూ ఉండరన్నది ఆ మార్పుకు ఒక కారణం.

గోరా తన పెద్ద కుమార్తెను ఒక హరిజన యువకుడికి ఇచ్చి వివాహం చేయాలని నిశ్చయించినప్పుడు, ఆ పెళ్లి సేవాగ్రామంలో జరిపిస్తానని గాంధీ మాట ఇచ్చారు. నాస్తికుల ఇంటి పెళ్లిలో దేవుడి పేరు ఎలా అన్న చిక్కు వస్తే, ప్రమాణంలో దేవుడి మాటకు బదులు సత్యం అన్న మాట వాడుకుందామన్నారు. ఆ పెళ్లి నాటికి ఆయన లేరు. 1948 జనవరి 30న సాయంకాల ప్రార్థనకు నడిచి వెళుతుండగా హత్యకు గురయ్యారు. మార్చిలో సేవాగ్రామంలో ఆ వివాహం, ఆయన అనుకున్న పద్ధతిలోనే, సత్యం పేరు మీద జరిగింది.